బెజవాడలో కుదురు, ఊరూరా పని: రిమోట్ ఉద్యోగంతో తిరగడం ఎలా

ఏ ఊరు వెళ్దామా అని మ్యాపు తెరవకండి. ముందు మీ ఆఫీసు క్యాలెండర్ తెరవండి. గడిచిన నెలలో ఏ రోజు, ఏ గంటకు మీరు తప్పనిసరిగా లైన్లో ఉండాల్సి వచ్చిందో ఒక కాగితం మీద రాయండి. మీరు ఎంత దూరం తిరగగలరు, ఎన్నాళ్లు తిరగగలరు అన్నది ఆ కాగితమే చెబుతుంది.

విజయవాడ, గుంటూరుల్లో ఉంటూ హైదరాబాద్, బెంగళూరు కంపెనీలకో, అమెరికా, లండన్ క్లయింట్లకో పనిచేసేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. వాళ్లలో ఊళ్లు తిరగాలని ఉన్నవాళ్లకు నేను గట్టిగా చెప్పే మాట ఒకటుంది: కుదురు ఇక్కడే ఉంచుకోండి, తిరుగుడును దాని చుట్టూ కట్టుకోండి. ఇల్లు ఖాళీ చేసి, సామానంతా అమ్మేసి బయల్దేరాల్సిన పని మనకు లేదు. చెన్నై, హౌరా, ఢిల్లీ, సికింద్రాబాద్ దారులన్నీ కలిసే జంక్షన్ ఇంటి పక్కనే ఉంది. రాత్రి భోంచేసి రైలెక్కితే తెల్లారేసరికి ఇంకో రాష్ట్రంలో ఉంటాం. ఈ సౌకర్యం ఉన్న ఊళ్లు దేశంలో మరీ ఎక్కువేం లేవు.

1. ముందు గంటలు, తర్వాత ఊరు

మీ పనిని మూడు రకాలుగా విడదీయండి. మొదటిది మనుషులతో చేసే పని: వీడియో కాల్స్, స్క్రీన్ చూపించే మీటింగులు, ఇంటర్వ్యూలు. దీనికి తలుపు వేసుకునే గది, నిలకడైన నెట్ రెండూ కావాలి. రెండోది ఒంటరిగా కూర్చుని బుర్ర పెట్టి చేసే పని. దీనికి నెట్ అంతంత మాత్రంగా ఉన్నా ఫరవాలేదు, ప్రశాంతత ఉండాలి. మూడోది చిల్లర పని: మెయిల్స్, టైమ్‌షీట్లు, డాక్యుమెంట్లు చదవడం. ఇది రైల్లోనూ అవుతుంది. చాలామంది ఈ మూడింటినీ కలిపి ‘ఆఫీసు పని’ అనుకుంటారు. అందుకే ఏ ఊళ్లో కూర్చున్నా ఏదో ఒకటి చెడుతుంది.

ఇక గడియారం సంగతి. న్యూయార్క్‌లో పొద్దున 9 గంటలంటే వాళ్ల వేసవిలో మనకు సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. శాన్‌ఫ్రాన్సిస్కో 9 గంటలైతే రాత్రి 9:30 లేదా 10:30. లండన్ 9 గంటలు మనకు మధ్యాహ్నం 1:30 లేదా 2:30. అమెరికా వాళ్లు మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం గడియారం మారుస్తారు. బ్రిటన్, యూరప్ వాళ్లు మార్చి, అక్టోబరు చివరి ఆదివారాల్లో మారుస్తారు. ఈ నాలుగు తేదీలూ ఫోన్లో రిమైండర్‌గా పెట్టుకోండి. ఆ వారాల్లో కొత్త ఊరికి ప్రయాణం వద్దు.

ఈ లెక్క తేలితే ఎలాంటి ఊరు మీకు నప్పుతుందో దానంతటదే తేలుతుంది. అమెరికా క్లయింటు ఉన్నవాళ్లకు పగలంతా ఖాళీ. కోటలు, కొండలు, గుళ్లు సాయంత్రం నాలుగింటి దాకా చూడొచ్చు. కానీ సూర్యాస్తమయం అందంగా ఉంటుందని పేరున్న ఊరికి వెళ్తే ఆ అందమంతా స్క్రీన్ వెనకే అయిపోతుంది. హైదరాబాద్ వేళల్లో పదింటి నుంచి ఏడింటి దాకా చేసేవాళ్లకు మిగిలేది తెల్లవారుజాము ఒక్కటే. వాళ్లు దిగేచోటే ఏదో ఒకటి ఉండాలి, అంటే గుమ్మం దాటితే సముద్రమో, చెరువు గట్టో. బాపట్ల దగ్గర సూర్యలంక లాంటి తీరం వాళ్లకు బాగుంటుంది. పొద్దున్నే గంటసేపు నడిచొచ్చి పదింటికి లాగిన్ అవ్వొచ్చు.

దేశం దాటాలనుకుంటే ఇంకో సంగతి. తూర్పుకు వెళ్లేకొద్దీ అమెరికా పని అర్ధరాత్రి వైపు జరుగుతుంది, పడమటికి వెళ్లేకొద్దీ తొందరగా మొదలవుతుంది. మనకు 6:30కి మొదలయ్యే కాల్ బ్యాంకాక్‌లో రాత్రి 8కి, దుబాయ్‌లో సాయంత్రం 5కి. అమెరికా క్లయింటుతో బాలీ వెళ్తానంటే ఆ కాల్ అక్కడ రాత్రి 9కి. అది మూడో రోజుకే ఒంటి మీద కనిపిస్తుంది.

2. ఆఫీసుకు చెప్పి వెళ్లండి

‘వర్క్ ఫ్రమ్ హోమ్’ అన్నది ‘ఎక్కడి నుంచైనా పని’ అన్నట్టు కాదు. అనుమతి కాగితం ఒకసారి చదవండి. కొన్ని కంపెనీలు రాష్ట్రం మారినా చెప్పమంటాయి. దేశం మారితే చాలా కంపెనీలు ముందే రాతపూర్వకంగా ఒప్పుకోవాలంటాయి. దానికి కారణముంది: మీరు వేరే దేశంలో కూర్చుని పనిచేస్తే అక్కడ పన్ను, కార్మిక చట్టాల చిక్కులు కంపెనీ మెడకు చుట్టుకోవచ్చు. క్లయింటు డేటా దేశం దాటకూడదన్న ఒప్పందం ఉంటే ఇంకా పెద్ద తలనొప్పి. ఆఫీసు వీపీఎన్‌లో (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే దారి) మీరెక్కడున్నారో కనిపిస్తుంది, కాబట్టి దాచి వెళ్లడం తెలివైన పని కాదు.

మేనేజరుతో మాట్లాడేటప్పుడు ‘నాకు తిరగాలనుంది’ అని మొదలుపెట్టకండి. “సార్, ఫలానా మూడు వారాలు నేను విశాఖలో ఉంటాను. నా పనివేళలు మారవు, రోజూ టీమంతా కలిసే స్టాండప్ కాల్‌కి ఉంటాను. ప్రయాణం శుక్రవారం రాత్రి, ఆ తర్వాత రెండు రోజులు సెలవే” అని చెప్పండి. తేదీలు, వేళలు, ప్రత్యామ్నాయ నంబరు ఇచ్చాక కాదనడం ఎవరికైనా కష్టం. మేడమ్ అయినా సారైనా వాళ్ల భయం ఒకటే, అవసరానికి మీరు దొరకరని. మొదటి రెండు ప్రయాణాల్లో దొరికితే మూడోసారి అడిగేవాళ్లుండరు.

3. ఇంటి దగ్గర కుదురు

తిరిగేవాళ్లకు మంచి ఇల్లు ఎందుకని అనుకోవద్దు. బయట ఏది బెడిసికొట్టినా వెనక్కొచ్చి పడేది ఇక్కడే. ఇక్కడ పని సాఫీగా సాగితేనే బయట ధైర్యంగా ఉండగలరు.

నెట్ ఫైబర్ అయి ఉండాలి. కనెక్షన్ తీసుకునే ముందు కుర్రాడిని ఒకటే అడగండి: “బాబూ, వీధిలో కరెంటు పోతే మీ లైను పనిచేస్తుందా?” కొన్ని లైన్లలో మీ ఇంటి దాకా వచ్చే తీగకు మధ్యలో కరెంటు అవసరం ఉండదు. కొన్నిచోట్ల మాత్రం స్తంభానికి కట్టిన పెట్టెలో స్విచ్ ఉంటుంది, దానికి కరెంటు పోతే మీ ఇన్వర్టర్ ఎంత పెద్దదైనా నెట్ రాదు. రెండో రకమైతే వేరే కంపెనీ చూసుకోండి.

రౌటర్‌కి విడిగా ఒక చిన్న యూపీఎస్ పెట్టండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా సరే. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ క్షణంలో రౌటర్ ఆగి మళ్లీ మొదలవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది, కాల్ తెగేది అక్కడే. రౌటర్ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులో చూసి (సాధారణంగా 12 ఉంటుంది) దానికి సరిపడేది కొనండి. ఫైబర్ తీగ వచ్చి చేరే డబ్బా, వైఫై డబ్బా రెండూ వేర్వేరుగా ఉంటే రెండింటికీ దాని నుంచే తీగ ఇవ్వాలి, ఒక్కదానికే ఇచ్చి ఊరుకుంటే లాభం లేదు. ఒక ఆదివారం మెయిన్ స్విచ్ ఆపేసి, ల్యాప్‌టాప్‌లో ఒక వీడియో కాల్ పెట్టి గంటసేపు వదిలేయండి. ఏది ఎప్పుడు ఆగిందో రాసుకోండి. రోహిణి కార్తెలో ఎలా ఉంటుందో ముందే తెలిసిపోతుంది.

ఫోన్లో రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు ఉండాలి. ఒకటి నెలనెలా రీఛార్జ్, రెండోది డేటా అవసరమైనప్పుడు వేసుకునేది.

ఇల్లు ఎక్కడ అన్నదాని గురించి కాస్త నిలబడి ఆలోచించాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు అజిత్ సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట లాంటి చోట్ల జనం రోజుల తరబడి నీళ్లలో, కరెంటు లేకుండా ఉన్నారు. సిగ్నల్ కూడా సరిగా లేదు. నేను ఆ ప్రాంతాల్లో ఉండొద్దని అనడం లేదు, అక్కడ మన మనుషులే ఉన్నారు. కానీ మీరు ఊళ్లో లేనప్పుడు ఇంట్లో అమ్మానాన్న, సామాను ఉంటాయి కాబట్టి గ్రౌండ్ ఫ్లోర్ వద్దు, ఇన్వర్టర్ ఎత్తులో పెట్టండి, సర్టిఫికెట్లు పై అరలో ఉంచండి. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు ఆ వీధిలో కిరాణా కొట్టాయనను అడగండి, నీళ్లు ఎంత దాకా వచ్చాయో చెయ్యి పెట్టి చూపిస్తారు. గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేట లైన్లలో ఇల్లు తీసుకుంటే పక్కన కోచింగ్ హాస్టళ్లు, దగ్గర్లో కల్యాణ మండపం ఉన్నాయేమో చూసుకోండి. ముహూర్తాల రోజుల్లో బ్యాండు మోతకు ఏ హెడ్‌ఫోనూ ఆగదు.

ఇక ఇంట్లోవాళ్లు. ఇది నెట్ కంటే పెద్ద విషయం. ఇంట్లో కనిపిస్తున్నారంటే ఖాళీగా ఉన్నారనే అందరూ అనుకుంటారు. “నాన్నా, గ్యాస్ బండ వచ్చింది, కాస్త చూడు”, “బాబాయ్ వాళ్లను స్టేషన్లో దించి రా.” వాళ్ల తప్పేం లేదు, పని కనిపించదు కాబట్టి. విసుక్కునే బదులు ఏర్పాటు చేయండి. ఆ రోజు కాల్ వేళలు పెద్ద అక్షరాల్లో రాసి తలుపుకు అతికించండి. “అమ్మా, ఏడున్నర నుంచి తొమ్మిదింటి దాకా నేను ఆఫీసులో ఉన్నట్టే. తర్వాత ఏం చెప్పినా చేస్తాను” అనండి. ఆ తర్వాత నిజంగా చేయండి. పనివేళల్లో లేమన్న మాట నిలబడాలంటే మిగతా వేళల్లో ఉన్నామన్న నమ్మకం కుదరాలి. తరచూ ఊళ్లు వెళ్లేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఇంట్లో ఉన్న నాలుగు రోజులూ గదిలోనే ఉంటే వాళ్ల దృష్టిలో మీరు ఊళ్లో లేనట్టే.

4. ప్రయాణం రోజు పని పెట్టుకోవద్దు

ఈ గైడు మొత్తంలో ఒక్క ముక్కే గుర్తుంచుకునేట్టయితే ఇది గుర్తుంచుకోండి. ‘రైల్లో చేసేస్తాలే’ అన్నది నడవదు. సిగ్నల్ స్టేషన్ల దగ్గర వస్తుంది, మధ్యలో పోతుంది. గుంటూరు నుంచి నడికుడి, మిర్యాలగూడ మీదుగా వెళ్లే దారిలోనూ, విశాఖ నుంచి అరకు వైపు సొరంగాల్లోనూ కాల్ మాట్లాడటం కుదరని పని. వందే భారత్‌లో సీటు దగ్గర ప్లగ్గు ఉంటుంది, ఒంటరి పనికి అది చాలా బాగుంటుంది. కానీ కాల్ మాట్లాడుతుంటే పక్క సీటు వాళ్లకు మీ క్లయింటు పేరు, ప్రాజెక్టు, బడ్జెట్ అన్నీ వినిపిస్తాయి. స్క్రీన్ సంగతి చెప్పక్కర్లేదు.

అందుకని శుక్రవారం రాత్రి బయల్దేరండి. శనివారం పొద్దున దిగి, పడుకుని, ఆదివారం నెట్ చూసుకుని, సోమవారం పని. అమెరికా వేళల వాళ్లకు శుక్రవారం అంటే అర్ధరాత్రి దాకా పనే, కాబట్టి వాళ్లకు శనివారం సాయంత్రం బయల్దేరడం మేలు. రాత్రి రెండింటి దాకా కాల్‌లో ఉండి పొద్దున్నే అయిదింటి రైలు పట్టుకుంటే మిగతా వారమంతా కుంటుతూ సాగుతుంది.

రాత్రి రైలుతో అందే ఊళ్ల జాబితా రాసుకోండి. విశాఖ దాదాపు 350 కిలోమీటర్లు, చెన్నై 430 చిల్లర. తిరుపతి, బెంగళూరు రాత్రికి రాత్రే అందుతాయి. అమరావతి ఎక్స్‌ప్రెస్‌లో హుబ్లీ వైపు వెళ్తే పొద్దునకు హోసపేట వస్తుంది, అక్కడి నుంచి హంపి పక్కనే. నాకు తెలిసి మనవాళ్లు తక్కువగా వాడుకునే దారుల్లో ఇదొకటి. గుంటూరు వాళ్లకు తిరుపతి వెళ్లే నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్ ఉంది, సికింద్రాబాద్-తిరుపతి వందే భారత్ కూడా గుంటూరు మీదుగానే నడుస్తుంది. చెన్నై వైపు రైళ్లు గుంటూరులో దొరక్కపోతే తెనాలిలో ఎక్కండి. విజయవాడ వెళ్లి ఎక్కాల్సి వస్తే మాత్రం మంగళగిరి, కృష్ణా నది వారధి దగ్గర సాయంత్రం రద్దీని లెక్కలో వేసుకుని రెండు గంటల ముందు ఇల్లు కదలండి.

రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటుంది. 2024 నవంబరు నుంచి ఈ పద్ధతి, అంతకుముందు 120 రోజులుండేది. మీ రెండు నెలల కాల్స్ ఎటూ క్యాలెండర్లో ఉంటాయి కాబట్టి ఇది మనకు సరిగ్గా సరిపోతుంది. వెళ్లేదీ వచ్చేదీ రెండూ తీసుకోండి. తత్కాల్ మీద ఆధారపడి ప్రణాళిక వేయొద్దు. ఏసీకి ముందురోజు పొద్దున 10కి, స్లీపర్‌కి 11కి తెరుస్తారు, ఆధార్‌తో జతచేసిన ఖాతా ఉంటేనే ఆన్‌లైన్‌లో కుదురుతుంది. ఆ వేళకు మీరు స్టాండప్ కాల్‌లో ఉంటారు.

కొన్ని రైళ్లలో రాత్రి 11 నుంచి పొద్దున 5 దాకా ఛార్జింగ్ ప్లగ్గులు ఆపేస్తారు. ఎక్కేముందే ల్యాప్‌టాప్, ఫోన్ నిండుగా ఉండాలి. ఆర్ఏసీ (ఒకే బెర్తులో ఇద్దరు కూర్చోవాల్సిన టికెట్) వచ్చిందంటే రాత్రి నిద్ర ఉండదు, మర్నాడు పని ఉంటే ఆ టికెట్ రద్దు చేసుకుని ఇంకో రోజు చూసుకోవడం మంచిది.

బస్సులో, కారులో అయితే దారి కూడా చూసుకోవాలి. శ్రీశైలం వెళ్లే దోర్నాల అడవి దారి రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకు మూసేస్తారు, నల్లమలలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. సాయంత్రం కాల్ ఉన్న రోజున ‘మధ్యలో ఎక్కడో ఆగి మాట్లాడేస్తా’ అనుకుని ఆ దారి పట్టొద్దు.

5. బస

నెట్ ఉందా అని అడిగితే ప్రతి హోటలాయనా ఉందనే అంటారు. అడగాల్సింది అది కాదు. “అన్నా, సాయంత్రం ఏడున్నరకు గదిలోనే నిలబడి స్పీడ్ టెస్ట్ చేసి ఫొటో పంపిస్తారా?” అనండి. మీ కాల్ ఏ వేళకో ఆ వేళకే చూపించమనాలి, పగలు పదింటికి అన్ని నెట్‌లూ పరుగెడతాయి. డౌన్‌లోడ్ కంటే అప్‌లోడ్ చూడండి. గ్రూప్ వీడియో కాల్‌కు రెండు వైపులా 3, 4 ఎంబీపీఎస్ నిలకడగా ఉంటే చాలు, నూరు ఉండి ఆగిఆగి వస్తే పనికిరాదు. పంపించడానికి వాళ్లు ఇబ్బంది పడుతున్నారంటే మీకు జవాబు దొరికినట్టే.

తర్వాత అడగాల్సినవి: కూర్చునే బల్ల, కుర్చీ ఉన్నాయా, జనరేటర్ ఉంటే గదిలో ప్లగ్గులకు వస్తుందా, ఫ్యాను లైట్లకేనా, కింద రెస్టారెంటో, ఫంక్షన్ హాలో ఉందా. మంచం మీద కూర్చుని వారం రోజులు పనిచేస్తే నడుము పట్టేస్తుంది.

ఒక ఊళ్లో కనీసం రెండు వారాలు ఉండండి. మూడు రోజులకో ఊరు మార్చడం సెలవుల్లో బాగుంటుంది, పనితో కుదరదు. రెండు వారాలుంటే అద్దె కూడా బేరమాడొచ్చు, ఇడ్లీ ఎక్కడ బాగుంటుందో తెలుస్తుంది, ఆ ఊరు నిజంగా చూసినట్టుంటుంది.

6. సంచి

ల్యాప్‌టాప్, హెడ్‌సెట్ (మైకు దగ్గరగా ఉండే వైరుది), 65 వాట్ల ఛార్జర్ ఒకటి, రెండు మీటర్ల జంక్షన్ బాక్స్, పవర్‌బ్యాంక్. విమానంలో పవర్‌బ్యాంక్ చేతి సంచిలోనే ఉండాలి, 100 వాట్-అవర్ లోపు అయితే అనుమతి అడగక్కర్లేదు. 20,000 ఎంఏహెచ్‌ది దాదాపు 74 వాట్-అవర్ కాబట్టి ఇబ్బంది లేదు.

కందిపొడి, కారప్పొడి పట్టుకెళ్లండి. ఎక్కడున్నా వేడన్నం దొరికితే రాత్రి కాల్ తర్వాత వంట గొడవ ఉండదు. గన్నవరంలో విమానం ఎక్కేటప్పుడు పచ్చడి సీసాలు చెక్-ఇన్ సామానులో గట్టిగా కట్టి పెట్టండి. ఎండు కొబ్బరి చిప్పలు మాత్రం అమ్మ ఇచ్చినా ఇంట్లోనే వదిలేయండి. నూనె ఎక్కువ, తేలిగ్గా అంటుకునే వస్తువని విమానాల్లో ఒప్పుకోరు.

7. దేశం దాటితే

చాలా దేశాల్లో పర్యాటక వీసా పని కోసం ఇచ్చేది కాదు. రిమోట్ పనివాళ్ల కోసం విడిగా అనుమతులున్న దేశాలు చూడండి. మలేషియా 2022లో డీఈ రంతావు అనే పాసు మొదలుపెట్టింది. థాయ్‌లాండ్ 2024లో డీటీవీ అనే వీసా తెచ్చింది: అయిదేళ్లు చెల్లుతుంది, వెళ్లిన ప్రతిసారీ 180 రోజుల దాకా ఉండొచ్చు, ఖాతాలో 5 లక్షల బాట్‌లు ఉన్నట్టు చూపించాలి. నియమాలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు చేసే వారం ఆ దేశ రాయబార కార్యాలయం పేజీయే చూడండి, ఏజెంటు మాట కాదు.

ఓటీపీ దగ్గరే ఎక్కువమంది ఇరుక్కుంటారు. బ్యాంకు నంబరున్న సిమ్‌కు ఇక్కడుండగానే అంతర్జాతీయ రోమింగ్ ఆన్ చేయించండి, రీఛార్జ్ గడువు తిరిగొచ్చే తేదీ దాటి ఉండేలా చూడండి. అక్కడి డేటాకు ఈసిమ్ (చిప్పు లేకుండా ఫోన్లోనే వేసుకునే సిమ్) వేసుకుని, మన సిమ్‌ను ఫోన్లోంచి తీయకుండా ఉంచండి. చాలా బ్యాంకు యాప్‌లు సిమ్ కనబడకపోతే తెరుచుకోవు.

రాత్రిపూట జ్వరమొస్తే ఎక్కడికెళ్లాలన్నది అక్కడ దిగిన రోజే చూసి పెట్టుకోండి. దేశంలో అయితే మీ హెల్త్ ఇన్సూరెన్స్ నగదు రహిత ఆసుపత్రి ఆ ఊళ్లో ఏదో, బయటైతే ప్రయాణ బీమా నంబరు ఏదో ఇంట్లోవాళ్ల ఫోన్లోనూ ఉండాలి.

8. డబ్బు, పన్ను

ఒక చిన్న పుస్తకంలో దేశంలో ఉన్న రోజులు రాయండి. ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు దేశంలో ఉంటే ఇక్కడి నివాసి కిందే లెక్క, పన్ను విషయంలో అదే మొదటి గీత. మీకు ఇంకేం వర్తిస్తుందో మీ ఆడిటరు చెబుతారు, కానీ రోజుల లెక్క ఆయన దగ్గర ఉండదు, మీ దగ్గరే ఉండాలి. ఫ్రీలాన్సర్లయితే సేవల మీద ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు కావాలి. విదేశీ క్లయింటుకు చేసే పని ఎగుమతి కిందికొస్తుంది. నమోదైనవాళ్లు ఏటా ఎల్‌యూటీ (ఎగుమతి చేసేవాళ్లు ఇచ్చే హామీ పత్రం) దాఖలు చేస్తే పన్ను కట్టకుండా బిల్లు వేయొచ్చు. డాలర్లు వచ్చినప్పుడల్లా బ్యాంకు ఇచ్చే ఆధారపత్రం దాచండి.

ఇంకోటి, ఇక్కడ అద్దె కడుతూ అక్కడ అద్దె కట్టడం రెట్టింపు ఖర్చే. అది భరించలేకపోతే తిరగడం తగ్గించండి, కుదురు తగ్గించొద్దు.

9. మన ఊరి క్యాలెండర్

సంక్రాంతికి హైదరాబాద్ మొత్తం ఇటు వస్తుంది. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్ల దగ్గర బారులు ప్రతి ఏడాదీ చూస్తున్నవే. కానీ మీ కుదురు ఇక్కడుంది కాబట్టి గుర్తుంచుకోండి, పండగ ముందు అటు వెళ్లే బండ్లు ఖాళీగా ఉంటాయి, పండగయ్యాక ఇటు వచ్చేవి ఖాళీగా ఉంటాయి. పండగ వద్దనుకుంటే (నేనైతే వద్దనుకోను, భోగికి ఇంట్లో ఉండాలి) ఎదురు దిక్కున ప్రయాణం సుఖం.

దసరా నవరాత్రుల్లో, ముఖ్యంగా మూలా నక్షత్రం రోజున, ఇంద్రకీలాద్రి చుట్టూ, వన్‌టౌన్, బస్టాండ్ వైపు దారులు మళ్లిస్తారు. ఆ రోజు రైలు పెట్టుకోవద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్లు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఈ దారిలో చాలా రైళ్లు రద్దయ్యాయి. ఆ మూడు నెలల్లో తిరుగు టికెట్‌కు, మొదటి ముఖ్యమైన కాల్‌కు మధ్య రెండు రోజుల ఎడం ఉంచండి. 2027లో గోదావరి పుష్కరాలు, 2028లో కృష్ణా పుష్కరాలు వస్తున్నాయి. ఆ పన్నెండు రోజులూ ఇంట్లో ఉండి చుట్టాలకు అన్నం పెట్టడానికే ప్రణాళిక వేసుకోండి, వాళ్లు ఎలాగూ వస్తారు.

10. మొదటి ప్రయాణం

మొదటిసారి దూరం వెళ్లొద్దు. రాత్రి రైలుతో విశాఖ చాలు, ఒక్క వారం. రెండు వారాల నియమం రెండో ప్రయాణం నుంచి. ఆదివారం సాయంత్రం, మీ కాల్ వేళకు, గదిలోంచి ఒక స్నేహితుడికి వీడియో కాల్ చేసి అరగంట మాట్లాడండి. మధ్యలో వైఫై ఆపి ఫోన్ డేటాకు మారండి, ఎన్ని సెకన్లలో మళ్లీ కలిశారో చూడండి. అది సరిపోకపోతే సోమవారం పొద్దునకల్లా గది మార్చాలి. మొహమాటపడొద్దు.

ఆ వారం రోజూ పడుకునే ముందు మూడు విషయాలు రాయండి: ఏ కాల్‌లో ఇబ్బంది వచ్చింది, ఎన్ని గంటలు నిద్రపోయారు, ఊళ్లో ఏం చూశారు. మొదటి రెండూ బాగుండి మూడోది ఖాళీగా ఉంటే మీరు ఇల్లు మారారంతే, తిరగలేదు, కాబట్టి వచ్చేసారి మీ ఖాళీ వేళల్లో చూడటానికి ఏదైనా ఉండే ఊరు ఎంచుకోండి. మూడోది నిండుగా ఉండి మొదటి రెండూ పాడైతే తర్వాతి ప్రయాణం నెల వెనక్కి జరపండి.

శనివారం రాత్రి తిరుగు రైలు, ఆదివారం పొద్దున ఇల్లు. బట్టలు ఉతకడానికి వేసి, ఛార్జర్లు మాత్రం సంచిలోనే ఉంచండి, ఇంట్లో వాడేవి వేరే ఉండాలి. మధ్యాహ్నం అమ్మానాన్నలతో కూర్చుని భోంచేసి, అరవై రోజుల లోపు క్యాలెండర్లో ఏ వారం ఖాళీగా ఉందో చూసి, ఆ టికెట్ అప్పుడే తీసుకోండి.